సర్వేయర్ మావయ్యతో స్కాట్లాండ్ కొండల్లో

శుక్రవారం: హేఫీల్డ్, కిండర్ స్కౌట్

మాంచెస్టర్ నుంచి రైల్లో న్యూ మిల్స్ దాకా వచ్చి, అక్కణ్ణుంచి సెట్ వ్యాలీ ట్రెయిల్ మీద నడక మొదలుపెట్టాం. ఒకప్పటి రైలు కట్ట ఇది. పట్టాలు తీసేశాక నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ వదిలేశారు. మావయ్య పది అడుగులు వేశాడో లేదో, "ఇదంతా పోరంబోకే కదా, పక్కవాడెవడూ కలిపేసుకోలేదేంరా?" అన్నాడు.

మావయ్య తూర్పు గోదావరిలో సర్వేయర్‌గా చేసి రిటైరయ్యాడు. గొలుసు లాగి, క్రాస్ స్టాఫ్ పాతి, ఊళ్ళకి ఊళ్ళు కొలిచినవాడు. అత్తయ్య మా పిల్లలతో ఇంట్లో ఉండిపోతానంది. మ్యూజియంలు, మాల్స్ చూసి విసిగిపోయిన మావయ్య మాత్రం ఈ దేశంలో పొలాలూ కొండలూ చూపించమన్నాడు. సెప్టెంబర్ మొదటివారం, నాకు సెలవులున్నాయి. నాకు నచ్చిన కొండలే, ముందు ఇంగ్లండ్‌లో కిండర్ స్కౌట్, ఆ తర్వాత స్కాట్లాండ్‌వి, చూపిద్దామని బయల్దేరదీశాను.

హేఫీల్డ్ దాటాక బౌడెన్ బ్రిడ్జ్ దగ్గర పాత రాతి క్వారీ ఉంది. దాని గోడకి ఒక ఫలకం. 1932 ఏప్రిల్ 24న ఇక్కడ పోగైన జనం కిండర్ కొండమీదకి అనుమతి లేకుండా ఎక్కారు. ఎక్కువమంది మాంచెస్టర్ చుట్టుపక్కల మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రాళ్ళు. ముందున్నవాడు బెన్నీ రోత్‌మన్, ఇరవై ఏళ్ళవాడు. కొండమీద వేటనేల డ్యూక్ ఆఫ్ డెవన్‌షైర్‌ది. ఏడాదిలో కొన్నాళ్ళు గ్రౌస్ పిట్టల్ని వేటాడుకోవడానికి మిగతా ఏడాదంతా కాపలా పెట్టి, ఎవర్నీ రానిచ్చేవారు కాదు. విలియం క్లఫ్ అనే వాగు లోయలో కాపలావాళ్ళకీ వీళ్ళకీ తోపులాట జరిగింది. కిందికి దిగాక పోలీసులు ఆరుగుర్ని పట్టుకున్నారు, ఐదుగురికి రెండు నుంచి ఆరు నెలల జైలు పడింది.

"ఇంకొకడి భూమిలోకి పోతే మరి కేసు పెట్టరా?" అన్నాడు మావయ్య. అక్కడే ఉంది తిరకాసు. ఇంగ్లండ్‌లో ఒట్టిగా ఇంకొకరి నేలమీద నడవడం నేరం కాదు, సివిల్ తగాదా మాత్రమే. అందుకని వాళ్ళమీద అల్లరిమూకగా చేరారని, దొమ్మీ అని పెట్టారు. ఆ శిక్షలు చూసి, అప్పటిదాకా ఈ గొడవ పట్టనివాళ్ళకి కూడా కోపం వచ్చింది. 70 ఏళ్ళ తర్వాత, 2002లో, అప్పటి డ్యూక్ ఇదే చోటుకి వచ్చి తన తాత చేసింది తప్పేనని అందరి ముందూ క్షమాపణ చెప్పాడు. ఆలస్యమే, కానీ రావడమైతే వచ్చాడు.

రిజర్వాయర్ పక్కనుంచి అదే విలియం క్లఫ్ పట్టుకుని ఎక్కాం. దారిలో గేట్లు, రాతి గోడలు, గోడ దాటడానికి మెట్లు. ప్రతి చోటా పసుపు బాణం గుర్తు ఉంటే కాలిబాట, నీలం బాణమైతే గుర్రాలూ సైకిళ్ళూ కూడా వెళ్ళొచ్చు. నా చేతిలోని ఆర్డ్‌నెన్స్ సర్వే (ఇక్కడి ప్రభుత్వ సర్వే శాఖ) మ్యాప్‌లో ఈ బాటలన్నీ ఆకుపచ్చ చుక్కల గీతలుగా ఉన్నాయి. మావయ్య మ్యాప్ లాక్కుని అరగంట వదల్లేదు. ఈ బాటలకి కౌంటీ దగ్గర విడిగా రికార్డు మ్యాప్ ఉంటుందనీ, అందులో ఎక్కిందంటే కోర్టులో అదే రుజువనీ చెబితే ఆయన మొహం వెలిగిపోయింది. పొలం మధ్యనుంచి వెళ్ళే బాటని రైతు దున్నుకోవచ్చు, కానీ పద్నాలుగు రోజుల్లో మళ్ళీ నడవడానికి వీలుగా చేసిపెట్టాలి, కనీసం మీటరు వెడల్పు ఉండాలి.

"మన దగ్గర పుంత ఉంటుందే, నక్షాలో ఇంత వెడల్పుగా కనిపిస్తుంది. నేల మీదకెళ్ళి చూస్తే మిగిలేది గట్టే" అన్నాడు మావయ్య. "ఏటా ఒక్క నాగటి చాలు. ఇటువాడు ఒక చాలు, అటువాడు ఒక చాలు కలుపుకుంటూ పోతారు. పదేళ్ళకి బండి పట్టదు, ఇరవై ఏళ్ళకి మనిషి పట్టడు. నేను వెళ్ళి రాయి పాతితే రాత్రికి రాయి మాయం." ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన చేసిన సగం పంచాయితీలు పుంతలవే.

పైకెక్కాక నేల మారిపోయింది. పీట్ అనే నల్లటి మెత్తటి నేల, మధ్యమధ్య నీటి గుంటలు, గాలి. కిండర్ స్కౌట్ ఎత్తు 636 మీటర్లే, కానీ పైన బల్లపరుపుగా ఎటు చూసినా ఒకేలా ఉండి దారి తప్పించేస్తుంది. ఇక్కడ చుక్కల గీతతో పని లేదు. 2000లో వచ్చిన చట్టం కొండలు, మూర్లు (చెట్లు లేని బోడి నేలలు), హీత్ అనే పొదల నేలలు, ఉమ్మడి భూముల్లో ఎటైనా నడిచే హక్కిచ్చింది. మ్యాప్‌లో అలాంటి నేలకి లేత పసుపు రంగు వేస్తారు. అంతా కలిపినా ఇంగ్లండ్ మొత్తంలో దాదాపు 8 శాతమే. అది కూడా నడకకే. గుడారం వెయ్యకూడదు, చెరువులో ఈదకూడదు, గుర్రమెక్కకూడదు. కొన్నిచోట్ల ఆ పసుపు ముక్క చుట్టూ ప్రైవేటు భూమే ఉంటుంది. లోపల నడిచే హక్కుంది, లోపలికి వెళ్ళే హక్కు లేదు. మావయ్య ఇది విని నవ్వలేదు, "దారి లేని ప్లాటు అమ్మినట్టు" అన్నాడు.

గుడారం సంగతికొస్తే ఇంగ్లండ్‌లో డార్ట్‌మూర్ అనే ప్రాంతం ఒక్కటే మినహాయింపు. అక్కడి ఉమ్మడి భూముల్లో రాత్రి పడుకునే హక్కు 1985 చట్టం నుంచి ఉందని అందరూ అనుకుంటూ వచ్చారు. ఒక భూస్వామి కోర్టుకెళ్తే 2023 జనవరిలో హైకోర్టు అలాంటి హక్కేం లేదంది, అదే ఏడాది జులైలో పై కోర్టు ఉందంది, చివరికి 2025 మేలో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఉందని తేల్చింది. ఒక్క రాత్రి ఆకాశం కింద పడుకోవడానికి మూడు కోర్టులు తిరగాల్సొచ్చింది.

దిగేటప్పుడు మోకాళ్ళ నొప్పులు. ఇద్దరికీ.

శనివారం: గ్లాస్గో మీదుగా బాల్మహా

పొద్దున్నే మాంచెస్టర్ నుంచి గ్లాస్గో రైలు. దారంతా మావయ్యకి ఒకటే ఆనందం. ఈ దేశంలో రైల్వే వాళ్ళు ఇప్పటికీ దూరాల్ని మైళ్ళలో, చైన్లలో రాసుకుంటారని చెప్పాను. ఆయన మోసిన గొలుసూ అదే, 66 అడుగులు, 100 లింకులు. 1620లలో గుంటర్ అనే ఇంగ్లీషు గణితశాస్త్రవేత్త తయారుచేసిన కొలత. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. "ఎకరా, సెంటు అంటూ మనం పోట్లాడుకునేదంతా వీళ్ళ గొలుసు మీదేనన్నమాట" అని కిటికీలోంచి గోడల వెంబడి గొర్రెల్ని లెక్కపెడుతూ కూర్చున్నాడు.

గ్లాస్గో నుంచి బాలక్‌కి ఇంకో రైలు, అక్కణ్ణుంచి బాల్మహాకి బస్సు. లాక్ లోమండ్ సరస్సు ఒడ్డు. వెస్ట్ హైలాండ్ వే అనే 154 కిలోమీటర్ల నడకదారి ఇటుగా పోతుంది. స్కాట్లాండ్‌లో అధికారికంగా మొదటి పెద్ద నడకదారి, 1980లో తెరిచారు. మేం మొత్తం నడవడం లేదు, మంచి ముక్కలు చూసి ఏరుకున్నాం.

స్కాట్లాండ్‌లో కాలుపెట్టగానే లెక్క తిరగబడింది. 2003లో ఇక్కడి పార్లమెంటు చేసిన భూసంస్కరణ చట్టం ప్రకారం దాదాపు ఏ నేలమీదైనా, ఏ నీటిలోనైనా, ఎవరిదైనా సరే, నడవొచ్చు, సైకిల్ తొక్కొచ్చు, గుర్రమెక్కొచ్చు, పడవ వెయ్యొచ్చు, గుడారం వేసుకుని పడుకోవచ్చు. 2005 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. ఇళ్ళు, ఇంటి చుట్టూ ఉండే తోట, పంట వేసిన చేను, బడి ఆవరణలాంటివి మినహాయింపు. మోటారు బండికి ఈ హక్కు లేదు, వేటకీ చేపలకీ లేదు. మిగతాదంతా ఒకే షరతు మీద నడుస్తుంది, బాధ్యతగా ఉండాలి.

మావయ్య ఆగిపోయాడు. "బాధ్యత అంటే ఎన్ని లింకులురా?"

ఆయన అడిగింది సరదాకే, కానీ ఈ చట్టంలో అసలు ప్రశ్న అదే. ఇంగ్లండ్‌లో మ్యాప్ తెరిచి "ఇక్కడ నడవొచ్చా?" అని చూసుకోవాలి. ఇక్కడ "ఎలా నడవాలి?" అని నిన్ను నువ్వే అడుక్కోవాలి. దానికోసం ఒక నియమావళి ఉంది, చదివితే అంతా ఇంగితజ్ఞానమే. తెరిచిన గేటు తెరిచినట్టే, మూసిన గేటు మూసినట్టే వదలాలి. దూడలున్న ఆవుల మందలోకి కుక్కని తీసుకెళ్ళకూడదు. పంట వేసిన చేను అయితే అంచు వెంబడి పోవాలి. ఇద్దరు మనుషులు వాదించుకుంటే ఎవరిది బాధ్యతో తేల్చే గీత మాత్రం కాయితం మీద లేదు. ఒక్కోసారి కోర్టే గీయాల్సొస్తుంది. పర్త్ దగ్గర కిన్‌ఫాన్స్ కోట చుట్టూ యజమాని ఎత్తుగా కంచె వేస్తే, కంచె లోపలి నేలంతా ఇంటి ఏకాంతానికి కావాల్సిందేనా అని తగువు నడిచింది. 2007లో కోర్టు యజమాని వైపే తీర్పిచ్చింది.

మధ్యాహ్నం కానిక్ హిల్ ఎక్కాం, 361 మీటర్లు. పైనుంచి చూస్తే సరస్సులోని ద్వీపాలు ఈ కొండతో ఒకే వరసలో ఉంటాయి. స్కాట్లాండ్‌లో కొండల సీమ హైలాండ్స్‌నీ పల్లపు సీమ లోలాండ్స్‌నీ విడదీసే నేలలోని పెద్ద పగులు సరిగ్గా ఈ వరస వెంబడే పోతుంది. మావయ్య ఒక కన్ను మూసి, వేలు చాచి వరస చూసుకుని, "రేంజింగ్ సరిపోయింది" అన్నాడు.

రాత్రికి మాత్రం బుక్ చేసుకున్న క్యాంప్‌సైట్‌కే వెళ్ళాం. ఇంత స్వేచ్ఛ ఉన్న దేశంలో లాక్ లోమండ్ తూర్పు ఒడ్డు ఒక మినహాయింపు. గ్లాస్గో దగ్గర కావడంతో వారాంతాల్లో కార్లలో వచ్చి, తాగి, చెట్లు నరికి మంటలు వేసి, గుడారాలతో సహా వదిలేసి పోయేవారు. నేషనల్ పార్క్ వాళ్ళు 2011లో ఈ ఒడ్డున ఆంక్షలు పెట్టారు, 2017 నుంచి మార్చి-సెప్టెంబర్ మధ్య ఇంకొన్ని సరస్సుల ఒడ్డుకి కూడా విస్తరించారు. పర్మిట్ తీసుకోవాలి, లేదా క్యాంప్‌సైట్‌లో ఉండాలి. నడకసంఘాలు అప్పట్లో గట్టిగా వ్యతిరేకించాయి. చెత్త వేసినవాణ్ణి, చెట్టు నరికినవాణ్ణి పట్టుకోవడానికి వేరే చట్టాలున్నాయి కదా, అందరి హక్కూ ఎందుకు తీసేస్తారు అని. నాకు వాళ్ళ వాదనే సబబనిపిస్తుంది. కానీ ఆ రాత్రి ఒడ్డున ఒక్క సీసా పెంకు కూడా కనిపించలేదన్నదీ నిజం.

ఆదివారం: రోవార్డెన్నన్ దాటి

రోవార్డెన్నన్ తర్వాత తారు రోడ్డు ఆగిపోతుంది, ఇంకొంచెం ముందుకెళ్తే పర్మిట్ల హద్దు కూడా అయిపోతుంది. అక్కణ్ణుంచి దారి ఓక్ చెట్ల వేళ్ళ మీద, తడి రాళ్ళ మీద ఎక్కుతూ దిగుతూ పోతుంది. మావయ్య కర్ర తీసుకోనన్నవాడు గంటలో నా కర్ర ఒకటి లాక్కున్నాడు. ఇన్వర్‌స్నెయిడ్ జలపాతం దగ్గర ప్యాక్ చేసుకొచ్చిన పులిహోర తింటుంటే, సరస్సు అవతలినుంచి పడవలో దిగిన టూరిస్టులు ఫొటోలు తీసుకుని అదే పడవలో వెళ్ళిపోయారు. ఆ చుట్టుపక్కల అడవి మేకలుంటాయి, కనిపించేముందే వాసనొస్తుంది.

సాయంత్రం ఒడ్డున కాస్త చదునైన చోటు చూసి గుడారం వేశాం. ఇళ్ళకీ రోడ్డుకీ దూరంగా ఉండాలి, తక్కువమంది ఉండాలి, ఒకేచోట రెండుమూడు రాత్రులకి మించకూడదు, లేచి వెళ్ళేటప్పుడు మనం ఉన్నట్టే తెలియకూడదు. కాలకృత్యాలకి నీటికి కనీసం 30 మీటర్లు దూరం వెళ్ళాలి. మావయ్య అడుగులతో కొలిచి, "ఒకటిన్నర చైన్" అని చెట్టు చూపించాడు.

చీకటి పడ్డాక ఆయనకి టెన్షన్ మొదలైంది. "ఎవరైనా వచ్చి లేపితే ఏం చెబుతావ్?"

"ఎవరూ రారు మావయ్యా."

"వస్తే?"

"నమస్కారం పెట్టి, పొద్దున్నే వెళ్ళిపోతామని చెబుతా. మనకి హక్కుంది."

"హక్కుందని రాత్రిపూట వాదిస్తే వినేవాళ్ళని నేను చూళ్ళేదు" అని, బూట్లు తలకింద పెట్టుకుని పడుకున్నాడు. లేపడానికి వచ్చింది మిడ్జ్‌లు మాత్రమే. కంటికి ఆనని ఈగలు, కుడితే ఒళ్ళంతా మంట. గాలి ఆగిందా, గుంపులు గుంపులుగా వచ్చి పడతాయి. పొద్దున టీ కూడా పెట్టుకోకుండా గుడారం చుట్టేసి పరిగెత్తాం.

సోమవారం: వాన

ఇన్వరార్నన్ దాకా తడుస్తూ నడిచి, అక్కడ బస్సెక్కి బ్రిడ్జ్ ఆఫ్ ఓర్కీలో దిగాం. బంక్‌హౌస్, వేడి సూప్, హీటర్ మీద సాక్సులు. అంతే.

మంగళవారం: రానక్ మూర్

ఈ రోజు కోసమే మావయ్యని ఇంతదూరం తెచ్చాను. బ్రిడ్జ్ ఆఫ్ ఓర్కీ నుంచి కింగ్స్‌హౌస్ దాకా 19 కిలోమీటర్లు, మధ్యలో ఊరు లేదు, దుకాణం లేదు. ఒకప్పుడు ఉత్తరాన్నుంచి పశువుల మందల్ని సంతలకి తోలుకెళ్ళిన దారి, తర్వాత టెల్ఫర్డ్ అనే ఇంజనీరు రాళ్ళు పరిచి బాగుచేశాడు. రెండు వందల ఏళ్ళయినా చెక్కుచెదర్లేదు, పాదాలకి మాత్రం నరకం. కుడివైపు రానక్ మూర్, నీటి మడుగులు, పీట్, గడ్డి, ఎక్కడో ఒక రాయి. కనుచూపు మేర చెట్టు లేదు.

మూర్‌లోకి ఎక్కేముందు ఒక జీపు ఆగింది. లోపల ఎస్టేట్ తరఫున జింకల వేట చూసుకునే ఆయన. ఎటు వెళ్తున్నారని అడిగాడు. దారి మీదే వెళ్తున్నామంటే సంతోషించి, ఎడమవైపు లోయలోకి మాత్రం ఇవాళ వెళ్ళకండి, అక్కడ జింకల వేట ఉంది అన్నాడు. వెళ్ళొద్దనే అధికారం ఆయనకి లేదు, వెళ్ళకపోవడం మా బాధ్యత. ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. నిన్నటిదాకా కొలతకందని ఆ మాట ఇక్కడ రెండు నిమిషాల పలకరింపులో తేలిపోయింది.

మావయ్య ఊరుకుంటాడా, "ఇది ఎవరి భూమి, ఎంత ఉంటుంది?" అని నాచేత అడిగించాడు. ఆయన చెయ్యి చాచి ఈ కొండనుంచి ఆ కొండదాకా చూపించాడు. ఎకరాల్లో చెప్పలేదు. స్కాట్లాండ్‌లో ప్రైవేటు గ్రామీణ భూమిలో సగం 400 పైచిలుకు యజమానుల చేతిలో ఉంది. ఐరోపాలో మరెక్కడా ఇంత కొద్దిమంది చేతిలో ఇంత నేల కనిపించదని ఇక్కడివాళ్ళే చెప్పుకుంటారు. నడిచే హక్కు వచ్చిందిగానీ, పట్టా ఎవరిదో వాళ్ళదే.

ఫొటోల్లో ఈ చోటు చూసి మనుషులు అడుగుపెట్టని అరణ్యం అనుకుంటారు. నేనూ మొదట అలాగే మురిసిపోయాను. హైలాండ్స్ లోయలు చాలావాటిలో ఒకప్పుడు ఊళ్ళుండేవి. 18వ శతాబ్దం చివర్నుంచి 19వ శతాబ్దం మధ్యదాకా భూస్వాములు కౌలు రైతుల్ని వెళ్ళగొట్టి గొర్రెలు పెట్టారు. గొర్రెల ధర పడిపోయాక జింకల వేటకి అద్దెకిచ్చారు. తోడేళ్ళు ఎప్పుడో పోయాయి కాబట్టి జింకలు పెరిగిపోయి మొలిచిన ప్రతి మొక్కనీ కొరికేస్తాయి. చెట్టు కనిపించేది కంచె వేసిన చోటే. కంచెలంటే పడని నేను, ఆ కంచె లోపల ఏపుగా ఎదిగిన పైన్, బర్చ్ చూసి ఏమీ అనలేకపోయాను. ఆ కంచెకి కూడా మనుషులు దాటడానికి మెట్లున్నాయి.

బా నది వంతెన దగ్గర కూర్చుని మావయ్యకి ఒక గొర్రెపిల్ల కేసు చెప్పాను. ఇక్కడికి ఉత్తరాన కిన్‌టెయిల్‌లో వినన్స్ అనే అమెరికన్ కోటీశ్వరుడు జింకల వేట కోసం విపరీతంగా భూమి అద్దెకి తీసుకున్నాడు. పక్కనే గుడిసెలో ఉండే మర్డక్ మక్రే అనే పేదవాడి పెంపుడు గొర్రెపిల్ల అందులో మేసిందని వినన్స్ కోర్టుకెక్కాడు. 1885లో పైకోర్టులో ఓడిపోయాడు. అంతకు ఏడాది ముందే జేమ్స్ బ్రైస్ అనే ఎంపీ కొండల్లో జనం తిరిగే హక్కు కోసం పార్లమెంటులో బిల్లు పెట్టాడు, అది గట్టెక్కలేదు. ఆ తర్వాత మళ్ళీ మళ్ళీ పెట్టారు. 1884లో అడిగింది 2003లో దొరికింది.

"మన సివిల్ కోర్టులే నయం" అన్నాడు మావయ్య, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని.

సాయంత్రానికి మబ్బు విడి బువాఖల్ ఎటివ్ మోర్ అనే కొండ మొత్తంగా బయటపడింది. కింగ్స్‌హౌస్ హోటల్ వెనక వంతెన పక్కన గుడారం వేశాం. జింకలు వచ్చి మా సంచుల్లో మూతి పెట్టబోయాయి. గాలి ఉంది కాబట్టి మిడ్జ్‌లు లేవు. ఈసారి మావయ్య ఎవరైనా లేపుతారేమోనని అడగలేదు. గురక పెట్టాడు.

బుధవారం: డెవిల్స్ స్టెయిర్‌కేస్, కిన్‌లాక్‌లెవెన్

పేరుకి దెయ్యం మెట్లుగానీ, వంకరటింకరగా ఎక్కే పాత సైనికుల దారి. దాదాపు 550 మీటర్లు, వెస్ట్ హైలాండ్ వే మొత్తంలో ఎత్తైన చోటు. మావయ్య ప్రతి మలుపు దగ్గరా ఆగి ఏటవాలు ఎంతో అంచనా వేస్తూ ఎక్కాడు. అలసట దాచుకోవడానికేనని నా అనుమానం.

పైనుంచి వెనక్కి చూస్తే గ్లెన్‌కో వైపు కొండలు. అవి నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్ అనే సంస్థవి. 1930లలో అమ్మకానికొచ్చినప్పుడు కొనడానికి డబ్బు పోగుచేసినవాళ్ళలో ముఖ్యుడు పర్సీ ఉన్నా అనే ఆయన, ఇంజనీరు, పర్వతారోహకుల క్లబ్ అధ్యక్షుడు. ట్రస్ట్‌కి 1937లో ఒక ఉత్తరం రాశాడు. జనాన్ని ఎటైనా తిరగనివ్వాలి, కానీ కొండని సుఖంగా మార్చకూడదు అని దాని సారం. కొత్త దారులు, గుర్తులు, ఆశ్రయాలు పెట్టొద్దన్నాడు. ఇప్పుడు లక్షలమంది వచ్చిపడుతుంటే, బాట వెయ్యకపోతే కొండే అరిగిపోతోంది, అందుకని రాళ్ళు పరిచి బాటలు బాగుచేస్తున్నారు. పర్సీ ఉన్నా చెప్పిన మాట తప్పారని తిట్టేవాళ్ళున్నారు. నా మోకాళ్ళు మాత్రం ట్రస్ట్ వైపే.

కిన్‌లాక్‌లెవెన్ దిగుడు అంతులేనిది. దూరంగా బ్లాక్‌వాటర్ డ్యామ్ కనిపిస్తుంది. అల్యూమినియం ఫ్యాక్టరీకి కరెంటు కోసం 1900ల మొదట్లో వేలమంది కూలీలు పలుగూ పారా పట్టి కట్టారు. అక్కడే చచ్చిపోయినవాళ్ళ సమాధులు డ్యామ్ పక్కనే ఉన్నాయి. అటు వెళ్ళొచ్చే ఓపిక మాకు లేదు.

గురువారం: ఫోర్ట్ విలియం

రైలుకి టైముంది. మావయ్య జ్ఞాపకంగా ఏదైనా కొనాలంటే, గళ్ళ మఫ్లర్ కొంటాడేమో అనుకున్నాను. మ్యాప్‌ల దుకాణానికి తీసుకెళ్ళమన్నాడు. బస్సులో నేను చెప్పిన గ్లెన్ డోల్ అనే లోయ కథ ఆయనకి పట్టుకుంది. 1880లలో అక్కడి యజమాని పశువులు తోలే పాతదారి మూసేస్తే, స్కాటిష్ రైట్స్ ఆఫ్ వే సొసైటీ కేసు వేసింది. ముసలి గొర్రెల కాపరులు వచ్చి, ఈ దారిన మేం మందలు తోలామని సాక్ష్యం చెప్పారు. 1888లో అప్పట్లో అన్నిటికన్నా పై కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళి సొసైటీ గెలిచింది, ఖర్చుకి దాదాపు చితికిపోయింది. ఆ సొసైటీ ఇంకా ఉంది. ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాల బోర్డులు కొండదారుల్లో వాళ్ళు పాతినవే.

"సాక్షుల్ని తెచ్చారు చూడు, అదీ పని. రికార్డు లేకపోయినా నడిచినవాడు ఉంటే చాలు" అంటూ గ్లెన్ డోల్ ఉన్న షీట్ తీసి గల్లా మీద పరిచాడు. కళ్ళజోడు పెట్టుకుని మూల నుంచి మూలకి వెతికాడు. కిండర్‌లో చూసిన ఆకుపచ్చ చుక్కల గీతలు ఇందులో లేవు. స్కాట్లాండ్ మ్యాపుల్లో బాట ఉంటే బాటలా గీస్తారు, హక్కుందా లేదా అని వేరే గుర్తు పెట్టరు.

"గీతలే లేని నక్షాకి ఇంత డబ్బా?" అన్నాడు. దుకాణం అమ్మాయికి తెలుగు రాకపోయినా అర్థమైనట్టే నవ్వింది. మావయ్య పర్సు తీశాడు.